గోదావరి కాలువ గట్ల మీద నడక: ఏ ఊళ్లో దిగాలి, ఏ గట్టు పట్టాలి

గోదావరి డెల్టాని చూడాలంటే కాలువ గట్టెక్కాలి. మా అమ్మని వెంటబెట్టుకుని తూర్పు డెల్టాలోనూ కోనసీమలోనూ తిరిగొచ్చాక ఈ మాట మరింత గట్టిగా చెబుతున్నాను. అమ్మకి మోకాళ్లు అరిగాయి. మెట్లెక్కడం ఆవిడ వల్ల కాదు. చదును నేల మీదయితే, మధ్యమధ్య కూర్చోడానికి చోటు దొరికితే, మూడు నాలుగు కిలోమీటర్లు హాయిగా నడుస్తుంది. అలాంటి పెద్దవాళ్లని తీసుకెళ్లడానికి మన రాష్ట్రంలో ఇంతకన్నా మంచి సీమ నాకు తెలియదు. కొండలెక్కే పని లేదు, దారి తప్పే భయం లేదు, ప్రతి కిలోమీటరుకీ ఒక ఊరో ఒక రేవో ఎదురవుతుంది. దారిలో వెయ్యేళ్ల నాటి గుళ్లున్నాయి, నూట డెబ్భై ఏళ్ల నాటి రాతి కట్టడాలున్నాయి.

ఇక్కడి గట్లు నడకకి ఇంత అనువుగా ఉండటానికి కారణం ఉంది. డెల్టా నేల బల్లపరుపుగా కనిపిస్తుంది గానీ అందులోనూ మెరకా పల్లం ఉన్నాయి. వరదొచ్చినప్పుడల్లా గోదావరి పాయలు తమ ఒడ్డునే ఒండ్రు పోసుకుంటూ వచ్చాయి. అందుకే పాయల పక్క నేల మెరక, రెండు పాయల నడుమ నేల పల్లం. కాలువలు తవ్వినవాళ్లు ఆ మెరకలు పట్టుకునే తవ్వారు. అప్పుడు నీళ్లు రెండు వైపులా పొలాల్లోకి వాటంతటవే దిగుతాయి. మురుగు కాలువలు పల్లంలో సాగుతాయి. కాబట్టి పంటకాలువ గట్టు మీద నిలబడితే చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తులో ఉంటాం. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క కాళ్ల కింద చేలు.

రెండో కారణం పడవలు. ఈ కాలువల్ని సాగుకోసం ఎంతగా ఆలోచించారో రవాణాకోసం కూడా అంతే ఆలోచించారు. గాలి అనుకూలంగా లేనప్పుడు పడవకి తాడు కట్టి మనుషులు గట్టు వెంట నడుస్తూ లాగేవాళ్లు. కాకినాడ నుంచి ఏలూరు, అక్కణ్ణుంచి బెజవాడ, ఆపైన బకింగ్‌హాం కాలువలో మద్రాసు దాకా సరుకు అలా వెళ్లేది. గట్టు వెడల్పుగా, నిరాటంకంగా ఉండాల్సింది వాళ్ల కోసం. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఆ దారినే 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. మేం నడిచిన గట్ల పక్కన మాత్రం సరుకు పడవ ఒక్కటీ కనపడలేదు. పడవ లాగినవాళ్ల దారి ఇప్పుడు గడ్డిమోపులవాళ్లకీ, బడిపిల్లల సైకిళ్లకీ, పొద్దున్నే నడిచే షుగరు పేషెంట్లకీ మిగిలింది.

మొదలు ధవళేశ్వరం నుంచి పెట్టుకోవడం మంచిది. రాజమండ్రి నుంచి ఆటోలు, బస్సులు తెగ తిరుగుతాయి, అరగంట ప్రయాణం. ఇక్కడ గోదావరి వెడల్పు చూస్తేనే పని ఎంత పెద్దదో తెలుస్తుంది. 1832-33 నందన కరువు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన ఈ జిల్లాని పీల్చిపిప్పి చేశాయి. నది నిండా నీళ్లుండగానే జనం తిండి లేక చచ్చిపోయిన చోటు ఇది. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. మధ్యలో లంకలున్నాయి గనక ఆనకట్టని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు. రాయి పక్కనే ఉన్న ధవళేశ్వరం కొండ నుంచే తెచ్చారు. ఇప్పుడు మనం చూసే గేట్ల బ్యారేజీ దాని స్థానంలో 1970ల్లో మొదలుపెట్టి 1982 నాటికి ముగించినది. దానికి కాటన్ పేరే పెట్టారు.

కాటన్ మ్యూజియం చిన్నదే, గంటలో అయిపోతుంది, కానీ వీలైతే నడకలన్నిటికీ ముందు ఇది చూడాలి. ఆనకట్ట, కాలువల నమూనాలు, పాత పటాలు, ఆవరణలో ఆనాటి యంత్రాలు. ఏ కాలువ ఎక్కణ్ణుంచి బయల్దేరి ఎటు పోతుందో ఇక్కడ ఒకసారి మనసుకెక్కితే తర్వాత ఏ గట్టు మీదున్నా మనం ఎక్కడున్నామో అర్థమవుతుంది. ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టాకి, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టాకి, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టాకి ప్రధాన కాలువలు వెళతాయి. కాటన్‌కి కుడిభుజంగా ఉండి కూలీల్ని సమకూర్చిన వీణం వీరన్న పేరు కూడా ఇక్కడివాళ్లు మర్చిపోలేదు, అది నాకు చాలా నచ్చింది. అంత రాయి మోసిన వేలమంది పేర్లు ఎక్కడా లేవు, కనీసం ఒక్క పేరయినా నిలబడింది.

బ్యారేజీ మీద నడవాలని మాత్రం పెట్టుకోకండి. చూడ్డానికి గొప్పగా ఉంటుంది గానీ లారీలూ బస్సులూ ఒరుసుకుంటూ పోతాయి, నీడ అన్నది లేదు, పెద్దవాళ్లతో అయితే అసలే వద్దు. ఆటో మాట్లాడుకుని బొబ్బర్లంక వైపు దాటేయండి.

ఈ ప్రాంతమంతటిలో నాకు అన్నిటికన్నా నచ్చిన నడక లొల్ల లాకుల దగ్గరది. లాకులంటే కాలువ నీటిని ఆపి వదిలే తలుపుల కట్టడం. బొబ్బర్లంక దగ్గర బయల్దేరిన మధ్య డెల్టా కాలువ లొల్లలో చీలి, కోనసీమలోకి పాయలుగా వెళ్లిపోతుంది. గన్నవరం కాలువ, అమలాపురం కాలువ ఇక్కణ్ణుంచే. లాకుల మీద నిలబడితే కింద నీళ్లు తెల్లగా నురగ కక్కుతూ దూకుతుంటాయి, నాలుగడుగులు అవతలకి పోతే అవే నీళ్లు కదులుతున్నాయా లేదా అన్నంత నిదానం. గట్ల మీద పెద్ద పెద్ద చెట్లు రెండు వైపుల నుంచీ కొమ్మలు కలుపుకుని ఉంటాయి. సినిమావాళ్లకి బాగా తెలిసిన చోటే ఇది. ఆదివారాల్లో ఫోటోలకోసం జనం వస్తారు. మామూలు రోజు పొద్దున్న ఏడింటికి వెళ్లండి, గట్టంతా మీదే.

లాకుల దగ్గర తలుపులు చూసుకునే లస్కరు ఒకాయన అమ్మతో మాట కలిపాడు. పడవ వస్తే ముందు దిగువ తలుపు తీసి లోపలికి రానిచ్చి, అది మూసి, ఎగువ నుంచి నీళ్లు వదిలితే పడవ పైకి లేస్తుందని, అప్పుడు పై తలుపు తీసి పంపేవాళ్లని చేతులతో చేసి చూపించాడు. తను చూడలేదట, వాళ్ల తాతయ్య చెప్పేవాడట. ఎటు నడిస్తే బావుంటుందని అడిగితే "ఆయ్, ఆత్రేయపురం వైపు ఎల్లండమ్మగారు. నీడుంటదండి. ఇటు రోడ్డెక్కితే ఎండండి" అన్నాడు. అమ్మకి ఆ "ఆయ్" ఎంత నచ్చిందంటే ఆ రోజంతా నేను ఏమడిగినా ఆయ్ అనే జవాబు.

ఆయన మాట నిజం. ఎగువకి, అంటే ఆత్రేయపురం వైపు, నీడలోనే నడవచ్చు. రోడ్డూ కాలువా పక్కపక్కనే ఉంటాయి గనక అలసిపోతే ఆటో ఆపుకోవచ్చు. ఆత్రేయపురంలో పూతరేకులు ఇంటింటా చేస్తారు. బోర్లించిన కుండ మీద తడిగుడ్డతో పల్చటి బియ్యప్పిండి ఒక్క లాగు లాగితే రేకు పైకి లేచి వచ్చేస్తుంది. 2023లో ఈ పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. రోడ్డు మీద అద్దాల షాపుల్లో కాకుండా లోపల వీధుల్లో రేకులు తీస్తున్న ఇంటి దగ్గర కొనండి. చేసే ఆవిడ చేతికే డబ్బు వెళుతుంది, నెయ్యి వాసనలో తేడా కూడా తెలుస్తుంది. చక్కెరవీ ఉంటాయి, కానీ బెల్లంవి తీసుకోండి.

ఒక్క జాగ్రత్త. శనివారం ఈ దారికి రావద్దు. వాడపల్లి వెంకటేశ్వరస్వామికి ఏడు శనివారాల మొక్కు బాగా పెరిగి, ఆ రోజు ఇటువైపు రోడ్లన్నీ కార్లతో నిండిపోతాయి. స్వామిని చూడాలనుకుంటే బుధవారమో గురువారమో వెళ్లండి, ప్రశాంతంగా దర్శనం అవుతుంది.

దగ్గర్లోనే ర్యాలి ఉంది. జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ముందు వైపు విష్ణువు, వెనక్కి వెళితే మోహిని. ఒకే నల్లరాయి. పూజారి దీపం పట్టుకుని జడ అల్లిక, చేతుల గోళ్లు ఒక్కొక్కటీ చూపిస్తారు. రద్దీ లేనప్పుడే ఆ చూపించడం తీరిగ్గా ఉంటుంది. మెట్లు తక్కువ, పెద్దవాళ్లకి ఇబ్బంది లేదు.

లొల్ల అందం చెట్లదీ నీళ్లదీ అయితే, పి.గన్నవరం అక్విడక్టు అందం పనితనానిది. లొల్ల నుంచి వచ్చిన గన్నవరం కాలువ ఇక్కడ వైనతేయ పాయని దాటాలి, అవతల ఉన్న నగరం లంకకి నీళ్లివ్వాలి. నది మీద నుంచి కాలువని పారించారు! 1850ల తొలినాళ్లలో, కాటన్ కింద పనిచేసిన హేగ్ అనే ఇంజినీరు, 49 కమానుల మీద. కిందికి దిగి చూస్తే కమాను వెనక కమాను, ఒకదానిలోంచి ఇంకోటి కనిపిస్తూ పోతాయి. 2000లో దాని పక్కనే కొత్తది కట్టి డొక్కా సీతమ్మ అక్విడక్టు అని పేరు పెట్టారు. కింద నది సముద్రంలోకి పోతుంటే పైన అదే గోదావరి నీళ్లు చేలల్లోకి పోతుంటాయి. నేను చూసిన చారిత్రక కట్టడాల్లో ఇంత సూటిగా అర్థమయ్యేది ఇంకోటి లేదు. గైడు అక్కర్లేదు, చదివి రావక్కర్లేదు, నిలబడి చూస్తే చాలు.

డొక్కా సీతమ్మగారు ఇక్కడి లంకల గన్నవరం ఆవిడే. 1841లో పుట్టి 1909లో పోయారు. ఏ వేళప్పుడు ఎవరొచ్చినా, ఏ కులం వాళ్లయినా, అన్నం పెట్టిన ఇల్లాలు. అటుగా బాట పట్టిన ప్రయాణికులకి ఆ ఇల్లే హోటలు, సత్రం. నీళ్లు మోసే కట్టడానికి అన్నం పెట్టిన మనిషి పేరు పెట్టాలని ఎవరికి తట్టిందో గాని, వాళ్లకి నా దణ్ణం. 2024 నుంచి రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి కూడా ఆవిడ పేరే పెట్టారు.

ఇక్కడ కట్టడం మీద కన్నా గన్నవరం వైపు కాలువ గట్టు మీద నడక హాయి. పైన బళ్ల రాకపోకలు ఎక్కువ. నా కోరిక ఒకటుంది. అంత పాత కట్టడం, రాళ్ల సందుల్లోంచి రావిమొక్కలు మొలిచి వేళ్లు దిగుతున్నాయి. కమానుల కింద చెత్త పోస్తున్నారు. ఇది ఎప్పుడు కట్టారు, ఎందుకు కట్టారు అని చెప్పే సరైన బోర్డు ఒక్కటి, కూర్చోడానికి నాలుగు సిమెంటు బల్లలు, ఆ మొక్కలు పీకించే మనిషి ఒకడు, ఇంతే. దీని కోసం పెద్ద ప్రాజెక్టులేం అక్కర్లేదు.

గన్నవరం నుంచి అమలాపురం దారిలో అంబాజీపేట వస్తుంది. కొబ్బరి మార్కెట్టు ఊరు. పొద్దున్నే వెళితే పొట్టిక్కలు దొరుకుతాయి, పనసాకులతో బుట్టలు కుట్టి అందులో ఇడ్లీపిండి పోసి ఉడికిస్తారు. ఆకు వాసన ఇడ్లీకి పడుతుంది. తొమ్మిది దాటితే చాలాచోట్ల అయిపోతాయి. ఈ ఒక్క ఫలహారం కోసం నడక వేళ మార్చుకున్నా తప్పులేదు. కనుమ నాడు ఇక్కడికి దగ్గర్లోనే జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. ఏకాదశ రుద్రుల ప్రభల్ని, అంటే దేవుణ్ణి నిలిపిన ఎత్తైన వెదురు కట్టడాల్ని, భుజాల మీద మోసుకుంటూ వరిచేలల్లోంచి, కౌశిక కాలువ నీళ్లలోంచి తీసుకొస్తారు. అది చూడాలంటే గదులు నెల ముందే మాట్లాడుకోవాలి. చూసే ఉద్దేశం లేకపోతే సంక్రాంతి నాలుగు రోజులూ కోనసీమకి రావద్దు. ఊళ్లన్నీ చుట్టాలతో నిండిపోయి ఉంటాయి, ఆటో కూడా దొరకదు.

ఆదుర్రు బౌద్ధస్తూపం గురించి వెళ్లేముందు చాలామంది "ఏముందక్కడ, ఇటుకలు" అన్నారు. నిజమే, ఇటుకలే. చక్రం ఆకుల్లా కట్టిన ఇటుక పునాది, చుట్టూ కొబ్బరితోటలు, పక్కన వైనతేయ. పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ఇటుకలే అయినా నేను పంపిస్తాను, ఎందుకంటే గుళ్లకన్నా ముందు ఈ లంకల్లో ఎవరున్నారు, నది వెంట ఎవరు వచ్చారు అన్నది అక్కడ నిలబడితేనే తడుతుంది. అయితే పిల్లలకి తొందరగా విసుగొస్తుంది, నీళ్లూ టీ ముందే చూసుకోవాలి. ఇటువైపే పాశర్లపూడి. 1995 జనవరిలో అక్కడి గ్యాస్ బావి పేలి మంట 65 రోజులు ఆరలేదు. ఆ మంటలు చూసినవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు, టీ కొట్టు దగ్గర అడిగితే అన్నీ చెబుతారు.

తూర్పు డెల్టా తీరు వేరు. కోనసీమలా కొబ్బరి నీడ ఉండదు, వరి మైదానం విశాలంగా పరుచుకుని ఉంటుంది. రాజమండ్రి నుంచి కడియం, ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు మీదుగా సామర్లకోట దాకా వెళ్లే దారిని కెనాల్ రోడ్డు అంటారు. కాలువ, రోడ్డు, రైలుపట్టాలు మూడూ ఒకదానికొకటి దగ్గర్లోనే సాగుతాయి. నడకకి ఇది కొంచెం కష్టం, ఎండ ఎక్కువ, రోడ్డు మీద లారీలు ఎక్కువ. కానీ ప్యాసింజరు రైలెక్కి ఒక స్టేషన్లో దిగి, చూసుకుని, ఇంకో రైల్లో ముందుకు పోయే సౌకర్యం ఉంది.

ఈ దారిలో బిక్కవోలుకి రావలసినంత పేరు రాలేదు. తూర్పు చాళుక్యులు, ముఖ్యంగా గుణగ విజయాదిత్యుడి కాలం, అంటే తొమ్మిదో శతాబ్దపు గుళ్లు ఊళ్లో ఉన్నాయి, ఊరి అంచున పొలాల్లోనూ ఉన్నాయి. గోలింగేశ్వరస్వామి గుడిలో శివపార్వతులు ఒకరినొకరు హత్తుకుని కూర్చున్న శిల్పం ఉంది, ఆ ముఖాల్లోని చనువు నేను పెద్ద పెద్ద గుళ్లలో కూడా చూడలేదు. పెద్ద ఏకశిలా వినాయకుడి దగ్గర జనం ఉంటారు, ఆయన చెవిలో కోరిక చెప్పుకుని వెళతారు. వినాయకుణ్ణి చూసి అక్కణ్ణుంచే బస్సెక్కిపోయేవాళ్లే ఎక్కువ. మీరు ఆగండి. పొలాల్లో ఉన్న విడి గుళ్ల దాకా నడవండి. పూజల్లేవు, జనం లేరు, అంతస్తులంతస్తులుగా లేచిన విమానాలు వరిమడుల మధ్య నిలబడి ఉన్నాయి. అమ్మ చెప్పులు విప్పి ఒక గుడి అరుగు మీద కూర్చుని లేవనంది. "నువ్వు తిరిగి రావే, నేనిక్కడే ఉంటా" అని పంపింది. తిరిగొచ్చేసరికి చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు ఇద్దరు పక్కన చేరి, ముగ్గురూ కూతుళ్ల కాన్పుల గురించి మాట్లాడుకుంటున్నారు.

ద్రాక్షారామం గుడి ముందు నేనేం చెప్పినా తక్కువే. చాళుక్య భీముడు కట్టించిన భీమేశ్వరాలయం, రెండంతస్తుల గర్భాలయం, గోడల మీదా స్తంభాల మీదా వందల శాసనాలు. తెలుగు నేల చరిత్ర రాసినవాళ్లు మళ్లీ మళ్లీ వచ్చిన చోటిది. అయితే మనం మాట్లాడుకుంటున్నది నడక గురించి. ఊరు పెరిగిపోయింది, గుడి చుట్టూ షాపులు, బళ్లు. ఇక్కడ కాలువ వెతుక్కుంటూ తిరగకండి. నడక కావాలంటే గుడి లోపలే ఉంది, రెండు ప్రాకారాల నడుమ విశాలమైన ఆవరణ. సాయంత్రం నాలుగు గంటలకి వెళ్లి శాసనాలు చూసుకుంటూ నిదానంగా ఒక చుట్టు చుడితే గంట పడుతుంది. లింగం పైభాగం దర్శనానికి మెట్లెక్కాలి, అవి ఇరుకు. అమ్మ కిందే దణ్ణం పెట్టుకుంది, నేను పైకెళ్లాను. కార్తీకంలో, శివరాత్రికి వెళితే ఇవేవీ కుదరవు.

సామర్లకోట కుమారారామం కూడా అదే భీముడిది, 892 నుంచి 922 దాకా ఏలినవాడు. రెండు గుళ్లూ ఒకే అచ్చు. తెల్లటి సున్నపురాతి లింగం కింది అంతస్తు దాటి పైకి లేచి ఉంటుంది, అభిషేకం పై అంతస్తులో చేస్తారు. రెండింటిలో ఒకటే చూడగలిగితే పెద్దవాళ్లని సామర్లకోటకే తీసుకెళ్లమంటాను. రద్దీ తక్కువ, ఆవరణ పచ్చగా శుభ్రంగా ఉంటుంది, కోనేరు గట్టున కూర్చోవచ్చు, స్టేషను దగ్గర. శాసనాల మీద మనసున్నవాళ్లు మాత్రం ద్రాక్షారామం వదలకూడదు.

గుళ్లన్నిటికీ ఒకే నియమం. మధ్యాహ్నం పన్నెండుకి అటూఇటూగా మూసేస్తారు, మూడు నాలుగు గంటలకి గాని తీయరు. కాబట్టి పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా గట్టు, తర్వాత గుడి, మధ్యాహ్నం భోజనం, పడక. సాయంత్రం ఇంకో చోటు. రోజుకి రెండు చోట్లకి మించి పెట్టుకుంటే మళ్లీ బస్సులో కూర్చోడమే మిగులుతుంది.

బస మూడు రకాలుగా చూశాం. రాజమండ్రిలో అన్ని ధరల్లోనూ హోటళ్లున్నాయి. లిఫ్టు, వేణ్ణీళ్లు, డాక్టరు, అన్నీ దగ్గర. ధవళేశ్వరం, బిక్కవోలు, సామర్లకోటలకి ఇదే సరైన మకాం. కోనసీమకి మాత్రం ఇక్కణ్ణుంచి రోజూ తిరగడం దండగ. పోనూ రానూ పూటంతా రోడ్డు మీదే గడుస్తుంది. వశిష్ట ఒడ్డున దిండిలో పర్యాటక శాఖ వాళ్ల రిసార్టు ఉంది, ఇంటి పడవలు ఉన్నాయి. నది మీద సాయంత్రం చాలా బావుంటుంది, కొత్త దంపతులకీ పిల్లలకీ సరిపోతుంది. నడిచేవాళ్లకి అంత ఉపయోగం లేదు, రిసార్టు బయటికి వస్తే మళ్లీ బండి కావాలి.

మాకు నచ్చింది మూడోది, అమలాపురం చుట్టుపక్కల ఊళ్లలో పాత పెంకుటిళ్లని అతిథులకి ఇస్తున్న కుటుంబాల దగ్గర ఉండటం. కొబ్బరితోటలో ఇల్లు, నాలుగడుగుల్లో పంటబోదె (చేలకి నీళ్లు తెచ్చే చిన్న కాలువ), దాని వెంట పోతే కాలువ. ఇంటావిడ పొద్దున్నే కాఫీ ఇచ్చి "వదినగారూ, ఎండెక్కకుండా వచ్చేయండి, పెసరట్టు వేస్తాను" అని అమ్మని సాగనంపేది. వాళ్ల దగ్గర భోజనం చెప్పి తినండి. పనసపొట్టు కూర, కంద బచ్చలి, ముక్కల పులుసు. మాంసం తినేవాళ్లకి గోదావరి చేపలూ రొయ్యలూ దొరుకుతాయి. పులస చేప మాత్రం వరద నెలల్లోనే, అదీ బంగారం ధరకి. ఇలాంటి ఇంట్లో దిగేముందు రెండు విషయాలు ఫోనులో అడిగి తేల్చుకోవాలి: మరుగుదొడ్డి ఇంట్లోనే ఉందా, కమోడ్ ఉందా. మోకాళ్లు అరిగినవాళ్లకి ప్రయాణం నిలబడేదీ కూలేదీ అక్కడే. ఒక బసలో ఫోటోల్లో ఉన్న గది ఇచ్చారు గానీ అది పై అంతస్తు, మెట్లెక్కాలి. కింద గది కావాలని ముందే చెప్పినా లేదన్నారు. ఆ రాత్రే వేరే చోటికి మారాం. అందుకే ఇప్పుడు "కింది గది" అని వాట్సాప్‌లో రాయించుకున్నాకే డబ్బు పంపుతున్నాను.

దారిలో మరుగుదొడ్ల సంగతి విడిగా చెప్పాలి, ఎవరూ రాయరు గనక. కాలువ గట్ల మీద అవి లేవు. లొల్ల దగ్గరా లేదు, అక్విడక్టు దగ్గరా లేదు. పెద్ద గుళ్ల దగ్గర ఉన్నాయి, శుభ్రం రోజుని బట్టి. మేం పెట్రోలు బంకులు, ఆర్టీసీ కాంప్లెక్సులు చూసుకుని నడక మొదలుపెట్టేవాళ్లం. పెద్దావిడ కనబడితే ఇళ్లవాళ్లే "రండమ్మా" అని లోపలికి పిలిచిన సందర్భాలూ ఉన్నాయి, గోదావరి మర్యాద గురించి చెప్పేదంతా నిజమే. కానీ ఆడవాళ్ల అవసరం మర్యాద మీద ఆధారపడకూడదు. సినిమా షూటింగులకి, టూరిస్టులకి అంత పేరున్న లొల్లలో శుభ్రమైన మరుగుదొడ్డి కట్టించడం ఏమంత పెద్ద ఖర్చు?

ప్రయాణానికి పల్లెవెలుగు బస్సు మంచిది. రాజమండ్రి, రావులపాలెం, అమలాపురం, కాకినాడ, రామచంద్రపురాల మధ్య బస్సులకి లోటు లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలో ఆడవాళ్లకి ఈ బస్సుల్లో టిక్కెట్టు లేదు. మేం తెనాలివాళ్లం, ఆధార్‌లో ఆంధ్ర చిరునామా ఉంది, జీరో టిక్కెట్టు మీదే చాలా ఊళ్లు తిరిగాం. హైదరాబాదు నుంచి వచ్చే అక్కచెల్లెళ్లు ఆధార్‌లో తెలంగాణ చిరునామా ఉంటే టిక్కెట్టు కొనుక్కోవాలి. లోపలి ఊళ్లకి ఆటోని పూటకి మాట్లాడుకోండి, దిగిన చోట వదిలేసి రెండు కిలోమీటర్ల అవతల ఎక్కించుకోమనండి. ఈ పద్ధతి ఆటోవాళ్లకి మొదట వింతగా అనిపిస్తుంది, ఒకసారి అర్థమైతే మనకన్నా ముందే వచ్చి చెట్టు కింద ఉంటారు. కారు డ్రైవర్లతో మాత్రం ఇది కుదరలేదు. మా డ్రైవరు ప్రతి పదినిమిషాలకీ ఫోను చేసి ఇంకా ఎంతసేపని అడిగాడు.

కాలం విషయం తేలిగ్గా తీసుకోకండి. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక ఏప్రిల్ మధ్యలో కాలువలు కట్టేస్తారు, జూన్‌లో గాని వదలరు. ఆ మధ్య వస్తే గట్లు ఉంటాయి, నీళ్లుండవు. అడుగున బురద, ప్లాస్టిక్కు. జులై నుంచి సెప్టెంబరు దాకా వరదలు, లంకలు మునుగుతాయి. అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్ల బెడద. డిసెంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా బంగారం లాంటి కాలం. పొద్దున మంచు, నాట్లు వేస్తున్న చేలు, కొంగలు, నీటికాకులు. గట్టున ఆగి చూస్తుంటే లకుముకి పిట్ట ఒక్కటైనా తప్పకుండా నీళ్లలోకి దూకుతుంది. డిసెంబరులో సార్వా (తొలి పంట) ధాన్యం రోడ్ల మీద ఆరబోసి ఉంటుంది, కాస్త చూసి అడుగేయాలి, కళ్లాల దగ్గర వాళ్లని అడగకుండా ఫోటోలు తీయకూడదు.

మా తెనాలిలోనూ మూడు కాలువలున్నాయి, కృష్ణ నీళ్లవి. ఊళ్లో వాటి గట్లు ఇళ్లూ షాపులూ ఆక్రమించాక నడిచే దారే లేకుండా పోయింది. గోదావరి వైపు పట్టణాల్లో కూడా అదే మొదలైంది. అమలాపురంలో, రావులపాలెంలో కాలువ పక్కన నిలబడితే ముక్కు మూసుకోవాల్సిన చోట్లున్నాయి, గుర్రపుడెక్క నీటిని కప్పేసి ఉంది. పట్టణం దాటి రెండు మూడు కిలోమీటర్లు పోయాకే నడక మొదలుపెట్టమని నేను చెప్పేది అందుకే.

ఒక్క రోజే ఉన్నవాళ్లు రాజమండ్రిలో దిగి, పొద్దున్నే లొల్ల, ఆత్రేయపురం నడక చేసి, ర్యాలి చూసి, సాయంత్రానికి ధవళేశ్వరం మ్యూజియానికి రండి. మూసే వేళ ముందే కనుక్కోండి. రెండో రోజు దొరికితే గన్నవరం. ఇంకో రోజు కూడా ఉంటే ప్యాసింజరు రైల్లో బిక్కవోలు దిగి, పొలాల్లో గుళ్లు చూసుకుని, సాయంత్రం సామర్లకోట గుడికి చేరండి. అక్కడ చెన్నై, విశాఖ రైళ్లు చాలావరకు ఆగుతాయి, తిరిగి రాజమండ్రి రావలసిన పని లేదు.